గచ్చు మీది కుక్కపిల్ల: ఎక్కడ పోయాలో దానికి ఎలా తెలుస్తుంది?

తెలుగు ఊళ్ళలో కుక్కను పెంచడం కొత్త కాదు. కుక్కను ఇంటి లోపల పెంచడం కొత్త. పాత ఇళ్ళలో కుక్కకు వాకిలి, అరుగు కింది నీడ, దొడ్డి, పశువుల పాక, పొలం గట్టు ఉండేవి. గడప దాటి వంటింటి వైపు వస్తే అదిలించడమే తప్ప, అది ఎక్కడ ఒంటికి పోతోంది, ఎక్కడ రెంటికి పోతోంది అని పట్టించుకోవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. అందువల్లనే ఈ విషయంలో పెద్దల నుంచి వచ్చిన ఆనవాయితీ గానీ, స్థిరపడిన తెలుగు మాట గానీ లేదు. పెంచుకునేవారు 'పాటీ ట్రైనింగ్' అనో 'టాయిలెట్ ట్రైనింగ్' అనో అంటున్నారు. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ అపార్ట్‌మెంట్లలోకి 2 నెలల పిల్ల అడుగుపెట్టిన తొలి వారంలోనే ఈ సమస్య ఇంటిల్లిపాది మెడకూ చుట్టుకుంటుంది. అప్పుడు దొరికే సలహాలు ఎక్కువగా వెనుక తలుపు తీస్తే పచ్చిక పెరడు కనిపించే పాశ్చాత్య ఇళ్ళను దృష్టిలో పెట్టుకొని రాసినవి. ఐదో అంతస్తులోని ఫ్లాటులో వాటిని అక్షరాలా పాటించి, ఫలితం రాక, తప్పును కుక్క మీదికి నెట్టడం సాధారణంగా జరుగుతున్నది. నిజానికి తేడా కుక్కలో లేదు, నేలలో ఉంది.

పుట్టిన కూనకు మొదటి 3 వారాల దాకా తనంతట తాను విసర్జించే శక్తి సరిగా ఉండదు. తల్లి దాని పొత్తికడుపు కింది భాగాన్ని నాకితేనే మూత్రం, మలం వెలువడతాయి. వాటిని కూడా తల్లే నాకి శుభ్రం చేస్తుంది. అంటే కూన కళ్ళు తెరవకముందు నుంచీ పొడిగా, వాసన లేకుండా ఉన్న పడకనే ఎరుగుతుంది. 3 వారాలు దాటి కాళ్ళు నిలదొక్కుకోగానే, విసర్జన వేళకు పడక నుంచి నాలుగడుగులు అవతలికి పోవడం మొదలుపెడుతుంది. దీన్ని ఎవరూ నేర్పరు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో బార్ హార్బర్ వద్ద ఉన్న జాక్సన్ ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి కుక్కపిల్లల పెరుగుదలను పరిశీలించి 1965లో ఫలితాలు ప్రచురించిన జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఇంకొక విషయం కూడా గమనించారు: 8, 9 వారాల వయసు వచ్చేసరికి పిల్లలు ఎక్కడపడితే అక్కడ కాకుండా కొన్ని నిర్దిష్టమైన చోట్లనే విసర్జనకు ఎంచుకోవడం మొదలుపెడతాయి.

ఆ చోటును పిల్ల దేన్నిబట్టి ఎంచుకుంటుందన్నదే అసలు ప్రశ్న. రెండు ఆనవాళ్ళు దానికి ముఖ్యం: ఒకటి ముక్కుకు తగిలే వాసన, రెండవది పాదాలకు తగిలే నేల. మట్టి మీద పెరిగిన పిల్ల మట్టిని వెదుకుతుంది, పచ్చిక మీద పెరిగినది పచ్చికను వెదుకుతుంది, పాత దినపత్రికలు పరిచిన గదిలో పెరిగినది కాగితాన్ని వెదుకుతుంది. 'ఇది ఇల్లు, అది బయలు' అన్న విభజన మనుషులది. గోడలు, తలుపులు, సొంతదారు, పరాయివాడు అన్న ఊహలతో ముడిపడినది. కుక్కపిల్లకు ఆ ఊహలు లేవు. మెత్తగా ఉండి తడిని పీల్చుకునే నేల, పీల్చుకోని నేల అన్న తేడా మాత్రం దానికి బాగా తెలుసు.

అపార్ట్‌మెంటులో చిక్కు ఇక్కడే పుడుతుంది. హాలులో పలకలు, బాల్కనీలో పలకలు, లిఫ్టు ముందు గ్రానైటు, కింద పార్కింగులో సిమెంటు గచ్చు, గేటు బయట సీసీ రోడ్డు. వీటిలో దేనిలోనూ పాదానికి తెలిసే పెద్ద తేడా లేదు. బాల్కనీ పలకల మీద పోయడం మంచిదనీ, గజం దూరంలో అవే పలకలున్న హాలులో పోయడం తప్పనీ చెబితే పిల్లకు అర్థం కావడానికి ఆధారమే లేదు. పార్కింగులోని స్తంభం పక్కన పోయడం అలవాటైన పిల్ల సోఫా కోడు పక్కన పోయడంలో తన లెక్క ప్రకారం తప్పేమీ లేదు. ఇక ఇంట్లో మెత్తగా, తడిని పీల్చేదిగా ఉండేవి ఏవి? గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా, స్నానాల గది ముందు పరిచిన గుడ్డ, నేల మీద వేసిన బొంత, ఉతకడానికి పోగుపెట్టిన బట్టలు. ఏ ఇంట్లో చూసినా పిల్ల మొదట పాడుచేసేవి ఇవే కావడం యాదృచ్ఛికం కాదు. దినపత్రిక మీద అలవాటు చేసిన ఇళ్ళలో, పెద్దాయన చదివి కుర్చీ పక్కన పడేసిన ఆనాటి పత్రికకు కూడా అదే గతి పడుతుంది. నవ్వు వచ్చే విషయమే అయినా, పిల్ల తనకు నేర్పినదానిని తు.చ. తప్పకుండా పాటించిందని ఒప్పుకోక తప్పదు.

కాబట్టి పిల్ల ఇంటికి రాకముందు ఎక్కడ పెరిగిందన్నది దాని జాతి కన్నా ముఖ్యమైన ప్రశ్న. 8 వారాలు నిండని పిల్లలను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనలు చెబుతున్నాయి. తల్లి దగ్గర ఉండవలసిన కాలం అది, తోబుట్టువుల మధ్య మెలగడం నేర్చే కాలం కూడా అదే. అయితే ఆ 8 వారాలూ ఇనుప జాలీ పంజరంలో గడిచితే ఫలితం తారుమారవుతుంది. తిన్నచోటనే, పడుకున్నచోటనే విసర్జించక తప్పని స్థితిలో పడక నుంచి దూరం పోవాలన్న సహజ గుణం మొద్దుబారుతుంది. అలాంటి పిల్ల తన మలం మీదనే పడుకొని కనిపిస్తే దాన్ని మురికి జాతి అనడం అన్యాయం. ఇంట్లో గొలుసుతో పొద్దస్తమానం కట్టిపడేయడం కూడా ఇదే నష్టాన్ని నెమ్మదిగా చేస్తుంది. పిల్లను కొనేవారు, దత్తత తీసుకునేవారు ధర, రంగు, సర్టిఫికెట్ల గురించి అడిగే ప్రశ్నలలో సగమైనా 'ఇన్నాళ్ళూ ఏ నేల మీద తిరిగింది' అన్నదాని మీద పెడితే ముందు ముందు చాలా శ్రమ తప్పుతుంది. మన వీధి కుక్కల పిల్లలు ఈ విషయంలో తరచు ముందుంటాయి. మట్టిలో పుట్టి మట్టిలో తిరిగిన పిల్లకు మట్టిని చూపిస్తే చాలు.

మట్టి చూపించడం సులభమేనా అంటే, కాదు. ఇక్కడ రెండు గడువులు ఒకదానికొకటి అడ్డం వస్తాయి. నేలను ఎంచుకునే అలవాటు 8, 9 వారాలకే బిగుసుకోవడం మొదలవుతుంది. టీకాల వరుస మాత్రం 6 నుంచి 8 వారాల మధ్య మొదలై, కొన్ని వారాలకొకటి చొప్పున, 16 వారాల వయసు దాకా సాగుతుంది; రేబిస్ టీకా సాధారణంగా 12 వారాలు నిండాక వేస్తారు. ఇన్నిసార్లు వేయడానికి కారణం తల్లి పాల ద్వారా వచ్చిన రక్షకాలు (యాంటీబాడీలు). అవి ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు, అవి ఎప్పుడు తగ్గుతాయో ఒక్కొక్క పిల్లలో ఒక్కొక్క తీరు. ఆ సందులోనే పార్వో వైరస్ దెబ్బతీస్తుంది. 1978లో ప్రపంచమంతటా ఒక్కసారిగా వ్యాపించిన ఈ వ్యాధి రక్తపు విరేచనాలతో, వాంతులతో రోజుల వ్యవధిలో పిల్లలను పొట్టనపెట్టుకుంటుంది. దాని వైరస్ మట్టిలో నెలల తరబడి చావకుండా ఉంటుంది. వీధి కుక్కలు, పెంపుడు కుక్కలు అన్నీ వాడే అపార్ట్‌మెంటు వెనుక మట్టి జాగా, టీకాలు పూర్తికాని పిల్లకు అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు. వైద్యులు 'కిందికి దించవద్దు' అంటారు, శిక్షకులు 'వెంటనే మొదలుపెట్టండి' అంటారు. ఇద్దరి మాటా నిజమే.

ఈ రెండింటినీ కలపడానికి తేలికైన దారి, మట్టిని పైకి తెచ్చుకోవడం. బాల్కనీలో ఒక మూల, అంచులు పొట్టిగా ఉన్న వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో కొబ్బరి పొట్టు గానీ, నర్సరీలో దొరికే లాన్ గడ్డి ముక్క గానీ, కుక్కలు తిరగని చోటి నుంచి తెచ్చిన శుభ్రమైన ఇసుక గానీ పరిచితే, చుట్టూ ఉన్న పలకల నుంచి అది పాదానికి స్పష్టంగా వేరుగా తెలుస్తుంది. రేపు కిందికి దిగినప్పుడు దొరకబోయే నేలకూ దీనికీ పోలిక ఉంటుంది. అంగళ్ళలో దొరికే పీల్చే ప్యాడ్‌లు వాడుకకు సులువైనవే గానీ, అవి గుడ్డను పోలి ఉంటాయి. పట్టాలకూ దుప్పట్లకూ వాటికీ ఉన్న తేడా పిల్లకు తెలియడం కష్టం. ప్లాస్టిక్ కృత్రిమ గడ్డి మట్టి ట్రేకూ ఈ ప్యాడ్‌లకూ మధ్యస్థం, రోజూ కడగకపోతే దాని అడుగున చేరే వాసన భరించరానిది. చాలా ఇళ్ళలో స్నానాల గదిని కేటాయిస్తారు. తూము ఉన్నందువల్ల కడగడం తేలికే, కాని గది తలుపు సగం సమయం మూసి ఉంటుంది, నేల తడిగా జారుతుంది, పలకలు హాలులోని పలకల్లాగే ఉంటాయి. మూడు అడ్డంకులూ దాటి పిల్ల నేర్చుకుంటే అది దాని గొప్పతనమే.

ఇక వేళల సంగతి. నెలల వయసుకు ఒకటి కలిపితే వచ్చే సంఖ్య, అది గంటలలో మూత్రం ఆపుకోగల గరిష్ఠ పరిమితి అని పెంపకందారులు ఒక ఉజ్జాయింపు లెక్క చెబుతారు. అంటే 2 నెలల పిల్లకు 3 గంటలు. ఇది పడుకున్నప్పటి మాట. మెలకువగా ఆడుతున్న పిల్లకు అరగంట, ముప్పావు గంట కూడా ఎక్కువే. నిద్ర లేచిన వెంటనే, ఆట ముగిసిన వెంటనే మూత్రం వస్తుంది. తిన్న తరువాత పది నిమిషాల నుంచి అరగంట లోపల మలం వస్తుంది, ఎందుకంటే పొట్టలో ఆహారం పడగానే పెద్దపేగు కదలడం మొదలవుతుంది. రాత్రిపూట మొదటి రెండు మూడు వారాలు కనీసం ఒకసారి లేవక తప్పదు. ఇంట్లో వాసన చూస్తూ గుండ్రంగా తిరగడం, ఆడుతున్నది ఆట ఆపి ఒక మూలకు నడవడం వంటి సూచనలను కనిపెట్టినవారికి పది, పదిహేను క్షణాల గడువు దొరుకుతుంది. ఆ గడువులో పిల్లను నడిపించకుండా చేతుల్లోకి ఎత్తుకొని ట్రే దగ్గరికి చేర్చాలి. నడిపిస్తే దారిలోనే పని అయిపోతుంది. పిల్ల మీద కన్ను వేయడం కుదరని వేళల్లో దాన్ని ఇల్లంతా తిరగనివ్వకుండా, పడక, నీళ్ళు ఉన్న చిన్న జాగాకు పరిమితం చేయడం మంచిది. నిండుగా తిరిగే స్వేచ్ఛ అలవాటు కుదిరాక వచ్చే బహుమతి.

తిండి విషయంలో తెలుగిళ్ళకు ప్రత్యేకమైన పొరపాటు ఒకటి ఉంది. పిల్ల అనగానే గిన్నెడు గేదె పాలు, పాలన్నం పెట్టడం పరిపాటి. గేదె పాలలో గానీ ఆవు పాలలో గానీ ఉండే లాక్టోజ్ అనే పాల చక్కెర కుక్క పాలలోకన్నా ఎక్కువ; పాలు మరిచే వయసులో దాన్ని అరిగించుకునే శక్తి కూడా తగ్గుతూ ఉంటుంది. ఫలితంగా విరేచనాలు పట్టుకుంటాయి. నీళ్ళ విరేచనం అవుతున్న పిల్ల ఆపుకోవడం నేర్చుకోలేదు, ఎంత తెలివైనదైనా సరే. పెరుగు తోడుకోవడంలో లాక్టోజ్ కొంత తగ్గుతుంది కనుక కొద్దిగా పెరుగన్నం చాలా పిల్లలకు పడుతుంది, కాని అదే మూడు పూటలా పెడితే నీరు ఎక్కువై మూత్రం వెంటవెంటనే వస్తుంది, ఎదుగుదలకు కావలసిన మాంసకృత్తులు చాలవు. రోజుకు మూడు నాలుగు పూటలు ఒకే వేళకు తిండి పెట్టి, పావుగంటలో తినకపోతే గిన్నె తీసేస్తే, మలం కూడా దాదాపు గడియారం ప్రకారం వస్తుంది. పొద్దంతా గిన్నె నిండుగా ఉంచే ఇంట్లో విసర్జనకు వేళ అంటూ ఏర్పడదు. నీటిని మాత్రం, ముఖ్యంగా మే నెల ఎండల్లో, పగటిపూట తగ్గించకూడదు.

మాటతో అలవాటు చేయడానికి మన ఇళ్ళలోనే చక్కటి నమూనా ఉంది. పసిబిడ్డను కాళ్ళ మీద కూర్చోబెట్టుకొని తల్లి 'స్స్‌స్స్' అంటుంది. కొన్నాళ్ళకు ఆ చప్పుడు వినగానే బిడ్డ ఒంటికి పోసుకుంటుంది. కుక్కపిల్ల విషయంలో కూడా సూత్రం ఇదే. పని మొదలైన క్షణంలో ప్రతిసారీ ఒకే శబ్దం, ఒకే మెల్లని స్వరం వినిపిస్తే, కొన్ని వారాలలో ఆ శబ్దమే పనిని గుర్తుచేస్తుంది. పని పూర్తికాగానే, రెండు మూడు క్షణాల లోపల, చిన్న ఉడికించిన కోడిమాంసపు తునక గానీ మెచ్చుకోలు గానీ అందాలి. లోపలికి వచ్చి, ఫ్రిజ్ తలుపు తీసి ఇచ్చే బహుమతి, పిల్ల దృష్టిలో ఫ్రిజ్ దగ్గరికి వచ్చినందుకు ఇచ్చినది.

దండన సంగతి కూడా ఈ క్షణాల లెక్కతోనే తేలిపోతుంది. హాలులో పోసిన మూత్రాన్ని పది నిమిషాల తరువాత చూసి, పిల్లను లాక్కొచ్చి ముక్కు రాయడం ఇప్పటికీ చాలా ఇళ్ళలో జరుగుతున్నది. 'దానికి తప్పు తెలుసు, చూడండి ఎలా తల దించుకుందో' అంటారు. న్యూయార్క్‌లోని బర్నార్డ్ కళాశాలకు చెందిన అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో 14 కుక్కలతో ఈ నమ్మకాన్ని పరీక్షించారు. యజమాని తిట్టినప్పుడు, నిజంగా తప్పు చేసిన కుక్కా, ఏ తప్పూ చేయని కుక్కా రెండూ ఆ చూపే చూపాయి. అంటే తల దించుకోవడం ఎదుటి మనిషి కోపానికి స్పందన, జరిగిన పనికి పశ్చాత్తాపం కాదు. కొట్టడం వల్ల పిల్ల నేర్చుకునేది ఒక్కటే: మనుషులు చూస్తుండగా పోయడం ప్రమాదమని. ఆ తరువాత అది మంచం కింద, తలుపు వెనుక పోస్తుంది. బయటికి తీసుకువెళ్ళినప్పుడు గొలుసు పట్టుకున్న మనిషి ముందు కూడా పోయదు, ఇది మరీ పెద్ద నష్టం.

'అరగంట తిప్పినా బయట పోదు, ఇంట్లోకి రాగానే పోస్తుంది' అన్న ఫిర్యాదుకు ఒక కారణం పైన చెప్పిన భయమే అయినా, అదొక్కటే కాదు. తెలుగు నగరాల వీధుల్లో చిన్న పిల్లను దించితే ఎదురయ్యేవి గుంపుగా వచ్చే వీధి కుక్కలు, హారన్లు, బళ్ళు, కొత్త వాసనలు. ఒళ్ళు బిగుసుకున్న పిల్ల మూత్రాన్ని బిగబట్టి, ఇంటి గడప దాటి మనసు కుదుటపడగానే వదిలేస్తుంది. అది మొండితనం కాదు. రెండో కారణం మనుషుల తొందర. ఆఫీసుకు వేళ అవుతుందని, పని కాగానే పిల్లను పైకి లాక్కెళ్ళిపోతే, పోస్తే షికారు ముగుస్తుందని అది కొద్ది రోజుల్లో గ్రహిస్తుంది; షికారు కావాలి కనుక ఆపుకోవడం నేర్చుకుంటుంది. క్రమాన్ని తిరగేస్తే ఇది సర్దుకుంటుంది. ముందు సందడి లేని ఒకే మూలలో ఐదు నిమిషాలు కదలకుండా నిలబడాలి, పని అయ్యాకనే షికారు మొదలుకావాలి. ఐదు నిమిషాల్లో పని కాకపోతే పైకి తెచ్చి, నేల మీద వదలకుండా పది నిమిషాలు ఒళ్ళో ఉంచుకొని, మళ్ళీ దించాలి. విసుగు పుట్టించే పనే, కాని సాధారణంగా వారం పది రోజులకు మించి పట్టదు.

జరిగిన పొరపాటును తుడిచే తీరు కూడా శిక్షణలో భాగమే, ఎందుకంటే వాసన మిగిలితే ఆ చోటు పిల్లకు పిలుపుగా మారుతుంది. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. అందుకే అమ్మోనియా కలిసిన శుభ్రకాలు వాడకూడదు. ఫినాయిల్ వాసన మనిషి ముక్కును కప్పుతుంది, కుక్క ముక్కును కాదు. పైగా నల్ల ఫినాయిల్‌లోని ఫినాల్ రసాయనాలు తడి నేల మీద నడిచి పాదాలు నాక్కునే పిల్లకు విషం. బ్లీచింగ్ పౌడరు మూత్రం మీద నేరుగా పడితే ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు పుడుతుంది. ముందు నీళ్ళతో కడిగాకనే దాన్ని వాడాలి. పార్వో సోకిన ఇంట్లో మాత్రం బ్లీచింగ్ ద్రావణం తప్పనిసరి, ఎందుకంటే మామూలు ఫినాయిల్‌కు ఆ వైరస్ లొంగదు. వెనిగర్ చల్లమనే సలహా విరివిగా కనిపిస్తుంది గానీ, పాలరాతి నేల, షాబాద్, తాండూరు, కడప బండలు సున్నపురాయి జాతివి. ఆమ్లం తగిలితే వాటి మెరుపు పోయి, గరుకై, తడిని మరింత పీల్చుకుంటాయి. సబ్బు నీళ్ళతో కడిగి, ఆరాక ఎంజైమ్ ఉన్న శుభ్రకాన్ని కొంతసేపు నాననిచ్చి తుడవడం అన్ని నేలలకూ సురక్షితం. పలకల మీద కన్నా వాటి మధ్య సందులలోని సిమెంటులో వాసన ఎక్కువ కాలం నిలుస్తుందని గుర్తుంచుకోవాలి.

కొన్ని సందర్భాలలో శిక్షణతో పనే లేదు. ఇంటికి వచ్చినవారిని చూసి పొంగిపోయో, బెదిరో రెండు చుక్కలు వదిలే పిల్లను పలకరించకుండా కాసేపు వదిలేస్తే చాలు, వయసుతో అది పోతుంది. అలవాటు కుదిరిన పిల్ల ఉన్నట్టుండి గంటకు నాలుగుసార్లు కొద్దికొద్దిగా పోస్తుంటే మూత్రనాళ వ్యాధిని అనుమానించి వైద్యుడికి చూపాలి. నిద్రలో కూడా నిరంతరం చుక్కలు రాలుతుంటే పుట్టుకతో వచ్చిన లోపం కావచ్చు. 6 నెలలు దాటిన మగపిల్ల కాలెత్తి గోడల మీద చిమ్మడం వేరే సంగతి, అది తన హద్దులకు వాసనతో గుర్తులు పెట్టడం.

ఇంట్లో మనుషులు ఎక్కువైన కొద్దీ నియమం పలచబడుతుంది. ఒకరు బాల్కనీకి తీసుకుపోతే ఇంకొకరు స్నానాల గదికి తోలుతారు, పనిమనిషి చీపురుతో అదిలిస్తుంది, పూజగది వైపు వెళ్ళిందని నాయనమ్మ కేకలేస్తుంది. పిల్లకు ఆ ఇంట్లో నాలుగు శాసనాలు. చోటు, శబ్దం, వేళ ఈ మూడింటినీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అతికించడం వినడానికి అతిగా తోస్తుంది గానీ, పనిచేస్తుంది. సాధారణంగా 4 నుంచి 6 నెలల వయసుకు అలవాటు చాలావరకు స్థిరపడుతుంది. షిజూ, పొమెరేనియన్ వంటి చిన్న జాతులకు మూత్రాశయం చిన్నది కనుక ఇంకా కొంత సమయం ఇవ్వాలి. నాలుగు వారాల పాటు ఒక్క పొరపాటూ జరగకపోతేనే పని పూర్తయినట్టు లెక్క. పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం నివాసితుల సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో స్పష్టం చేసింది. అదే సమయంలో కుక్క వెనుక శుభ్రం చేయాలని యజమానులకు కూడా సూచించింది. సంఘాల సమావేశాల్లో మొదటి సగాన్ని వల్లించేవారికి రెండో సగం అంతగా గుర్తుండదు.

టీకాల వరుస ముగిసి, వైద్యుడు సరేనన్నాక, ట్రే నుంచి కిందికి మారడం ఒక్కరోజులో జరగదు. తడిసిన కొబ్బరి పొట్టు పిడికెడు తీసుకువెళ్ళి కింద ఎంచుకున్న మట్టి మూలలో చల్లి, పిల్లను అక్కడికే ఎత్తుకువెళ్ళి దించి, అలవాటైన శబ్దం చేస్తే, వాసన, నేల, పిలుపు మూడూ దానికి పాతవే అవుతాయి. మారినది చోటు మాత్రమే. ఉదయపు తొలి మూత్రం ఎక్కువసేపు ఆగదు కనుక మార్పును ఆ వేళతోనే మొదలుపెట్టి, తరువాత భోజనాల వేళలకు విస్తరించడం సులువు. బాల్కనీలోని ట్రేను మాత్రం వెంటనే పారేయనక్కరలేదు. జూలైలో ఎడతెగని ముసురు పట్టి, కింద మురుగు నీరు నిలిచి, ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ భయం ఉన్న రోజులలో, తడి నేల మీద కాలు పెట్టడానికి మొరాయించే కుక్కకు అది మళ్ళీ అక్కరకు వస్తుంది.